కొండదారి సూప్

వంటింట్లో అక్క గరిట తిప్పుతోంది. తమ్ముడు గుమ్మం దగ్గర అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"ఈ సూప్ ఐదోసారి చేశానురా. అమ్మ ఇవాళా ఒక్క చెంచా తాగి పక్కన పెట్టేసింది."

"పోయినేడు కొండదారి హోటల్లో రెండు గిన్నెలు తాగిందన్నావుగా. ఏదో మర్చిపోయుంటావక్కా."

"ఉల్లిపాయలు, బార్లీ, ఉప్పు, నీళ్ళు. మర్చిపోవడానికి ఇంకేముంది?"

"అక్కడ పొయ్యి దగ్గర ఎవరున్నారు?"

"హోటలావిడ. పక్కనే అమ్మ. ఊరుకుంటుందా? ముక్కలు లావుగా కోస్తోందని ఆవిడ చేతిలో కత్తి లాక్కుని తనే తరిగింది."

"మరి ఇక్కడ?"

"ఆపరేషనయ్యాక అమ్మని మనం వంటింట్లోకి రానిస్తేగా?"

"పొయ్యి ఆపు. రెండు ఉల్లిపాయలూ కత్తీ ఇలా ఇవ్వు."

"నీకు తరగడం వచ్చా?"

"రాదు. అందుకే అమ్మ మంచం పక్కన కూర్చుని తరుగుతా."