తలుపు బయటి పదకొండు మంది

పాస్టరు గారూ, వృద్ధాశ్రమం నుంచి చక్రాల కుర్చీల్లో వచ్చిన పెద్దలారా, మంచు కరిగీ కరగని రోడ్ల మీద ఇంత దూరం వచ్చిన ఇరుగుపొరుగు వారలారా, మీ అందరికీ మా కుటుంబం తరఫున కృతజ్ఞతలు.

మా చెల్లెలు లెనోరా పోయి ఇవాళ్టికి ఆరు రోజులు. తను పనిచేసే ఆశ్రమం వంటగదిలో ఓట్స్ జావ కలుపుతూ ఉండగా గుండె ఆగింది. నేను ఎక్కువ మాట్లాడేదాన్ని కాదు. కోపం తగ్గించమని పొద్దున్నే ప్రార్థన చేసుకుని వచ్చాను. తగ్గలేదు. ఇవాళ్టికి ఉండనిమ్మన్నాడేమో దేవుడు.

పార్టీ కౌంటీ కమిటీ వారు పూలచక్రం పంపారు. చాలా పెద్దది. కమిటీ అధ్యక్షులు వెర్లిన్ గారు ముందు వరుసలోనే కూర్చున్నారు. వచ్చినందుకు సంతోషం వెర్లిన్ గారూ. మీరు వినాలి.

ఆరేళ్ళ కిందట, దేశాధ్యక్ష పదవికి పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ప్రాథమిక ఎన్నిక బ్యాలెట్లు పోస్టులో వచ్చాయి. అచ్చు వేసింది ప్రభుత్వం. పంపింది ప్రభుత్వం. అది ఉత్తుత్తి ఓటని ఎవరైనా అనుకుంటారా? లెనోరా వాటిని భోజనాల బల్ల మీద పరిచింది. చూపు ఆననివాళ్ళకి పేర్లు చదివి వినిపించింది. ఇరవై మూడు కవర్లు తానే పోస్టులో వేసి వచ్చింది. మన రాష్ట్రంలో పార్టీ ఆ ఓట్లను చూడనే చూడదని దానికి తర్వాత తెలిసింది. శనివారం పొద్దున బడి భోజనశాలలో కాకస్ అని పార్టీ పెట్టే సభకి వచ్చి, తమ అభ్యర్థి మూలలో నిలబడ్డవాళ్ళ తలలే లెక్క. ఆ సభ అప్పటికే అయిపోయింది.

తప్పు తనది కాదు. అయినా గది గదికీ వెళ్ళి క్షమాపణ చెప్పుకుంది. పాల ట్యాంకరు నడిపి రిటైరైన ఎల్విన్ స్ట్రౌడ్ గారికి అప్పుడు ఎనభై ఏడేళ్ళు. "అయితే నేను ఊరికే కళ్ళద్దాలు తుడుచుకున్నానన్నమాట, అమ్మాయీ!" అన్నారట. ఆయన నవ్వారు. మా చెల్లెలు ఇంటికొచ్చి ఏడ్చింది.

రెండేళ్ళ కిందట మార్చిలో మళ్ళీ కాకస్. ఈసారి మోసపోకూడదని ఆశ్రమం వ్యానులో పదకొండు మందిని ఎక్కించుకుని బయల్దేరింది. పదింటికి తలుపు వేస్తారు. చక్రాల కుర్చీలను ఒక్కొక్కటే దింపాలి. తలుపు చేరేసరికి పది దాటి ఆరు నిమిషాలు. "రూల్ రూలేనమ్మా, నేను పెట్టింది కాదు" అన్నారు వెర్లిన్ గారు. నిజమే. మీరు పెట్టింది కాదు. మరి ఎవరి కాళ్ళు చూసి పెట్టారండీ ఆ రూలు? పాలు పితికేవాళ్ళు, నర్సులు, చంటిబిడ్డల తల్లులు శనివారం పదింటికి ఎక్కడుంటారో రాసినవాళ్ళకి తెలియదా?

లోపల లెక్క పెట్టారు. ఈ మూల నలభై ఒకరు, ఆ మూల నలభై ఒకరు. కౌంటీ సభకి పంపాల్సిన ప్రతినిధుల్లో మిగిలిన ఒక్కరు ఎవరివైపు? సమానమైతే నాణెం ఎగరెయ్యాలట. అదీ రూలే. వెర్లిన్ గారి జేబులో నాణెం లేదు. తలుపు తెరిచారు. ఎదురుగా పదకొండు మంది ఓటర్లు ఉన్నారు. లెనోరాని నాణెం అడిగారు.

అది ఇచ్చింది. "తీసుకోండి. మావాళ్ళని ఎలాగూ రానివ్వరు, దీన్నైనా లోపలికి రానివ్వండి" అంది. లోపల కొందరు నవ్వారు.

ఆ నవ్వు నేను విన్నాను. ఎందుకంటే నేను లోపలే ఉన్నాను. తొమ్మిదిన్నరకే వెళ్ళి మా మూలలో నిలబడ్డాను. తలుపు అద్దంలోంచి చెల్లెలి ముఖం కనబడుతూనే ఉంది. నేను ఒక్క మాట అనలేదు. సభామర్యాద అనుకున్నాను. వాళ్ళ కోసం మనసులో ప్రార్థించాను. చెయ్యి ఎత్తాల్సిన చోట చేతులు జోడించాను.

తిరిగి వస్తుంటే దారిలో అది నన్ను అడిగింది ఒకటే: "అక్కా, నాణెం మనవైపే పడిందా?" పడింది. మనమే గెలిచాం. ఆ గెలుపు నాకు ఇప్పటికీ మింగుడు పడలేదు. చెల్లెలు నన్ను నిలదీయలేదు. నిలదీసి ఉంటే బాగుండేది.

పోస్టులో వచ్చిన ఓట్లనే లెక్కించాలని లెనోరా తీర్మానం రాసింది. రెండుసార్లు పెట్టింది. రెండుసార్లూ "టైం లేదు" అని పక్కన పెట్టారు. వచ్చే శనివారం కౌంటీ సభలో మూడోసారి రావాలి. నిన్న వెర్లిన్ గారు మా ఇంటికి వచ్చి, ఆ భోజనశాల గోడకి లెనోరా పేరుతో ఫలకం పెడదామన్నారు. వద్దండీ. దాని పేరును లోపల వేలాడదీసి, దాని మనుషుల్ని బయటే ఉంచుతారా? ఆ పదకొండు మందిలో ఇప్పుడు ఏడుగురే ఉన్నారు. ఇంకెన్నాళ్ళు ఆగమంటారు?

శనివారం ఆ తీర్మానం నేను ప్రవేశపెడతాను. బలపరచడానికి ఇంకొకరు కావాలి. ఎవరన్నది ఇప్పుడు అడగను. ఇది సంతాప సభ. ఇంటికెళ్ళి ఆలోచించుకోండి.

ఇప్పుడు లెనోరా కోసం లేచి నిలబడదాం. లేవలేనివాళ్ళు కూర్చునే ఉండండి, మీ మౌనమూ దానికి చేరుతుంది. ఒక్క నిమిషమే. నేను రెండేళ్ళు మౌనంగా ఉన్నాను. మీరు అంతసేపు ఉండకండి.