నాంచారమ్మ జీపుకి కొత్త తాళం

నమ్మనోళ్ళుంటే ఇప్పుడే లేచి పోండి, నడిమధ్యలో నోరెళ్ళబెడితే నాకు కథ తెగిపోద్ది. నాంచారమ్మని ఉండేది ఎర్రగుంటపాలెంలో. మొగుడు సింగరకొండ. వాళ్ళకో పాత డీజిలు జీపు. ఆ జీపు తాళం పెట్టి తిప్పే స్విచ్చి ఎంత అరిగిపోయిందంటే, దానికి దాని తాళమే అక్కర్లేదంట. బీరువా తాళం పెట్టినా తిరిగేది, జడపిన్ను పెట్టినా తిరిగేది, ఒకాయన ఎదురుగా నిలబడి గట్టిగా తుమ్మితే స్టార్టయిందంట. నవ్వుతారేంది! ఇంకేముంది, ఊళ్ళో ఎవురికి పనిబడినా ఏదోటి దూర్చి తిప్పుకొని పోవటమే. సాయంత్రానికి తెచ్చి వాకిట్లో పెట్టి, సీట్లో ఓ సొరకాయో, గిన్నెడు పెరుగో ఉంచిపోయేవోళ్ళు. "పోన్లేవే, మనోళ్ళేగా" అనేవోడు సింగరకొండ. ఆమెకి మాత్రం కడుపుమంట. ఎందుకంటే, ఆమె అన్న కూతురికి ఓణీలిచ్చేరోజు ఏమైందంటే, తెల్లారి లేచేసరికి జీపు లేదు, మేకల్నేసుకొని సంతకి పోయింది. ఈమె బస్సులు మారి పోయేసరికి అక్కడ ఇస్తరాకులెత్తుతన్నారు.

ఇప్పుడా పిల్లకే సీమంతం. వాళ్ళల్లో మొదటి గాజు మేనత్తే తొడగాలి, ముహూర్తమేమో ఎండెక్కకముందే. "ఈసారి గూడా ఇస్తరాకుల టయానికి పోయానంటే నీతో మాటల్లేవు" అనిందంట. సింగరకొండ జడుసుకొని ఒంగోలు పోయి కొత్త స్విచ్చి తెచ్చాడు. బ్యాటరీ వైరు ఊడదీసి, పాతది లాగి, ఏ వైరు ఎక్కడిదో రంగుదారాలు కట్టి గుర్తుపెట్టుకొని కొత్తది బిగిస్తంటే, పెళ్ళికొచ్చినట్టు ఊరంతా చేరింది. దర్జీ బాలకోటి మూతి ముడిచి, "అయితే మమ్మల్ని ఎలేశారన్నమాట వదినా" అన్నాడు. "ఎలెయ్యలేదయ్యా, నా జీపు నా వాకిట్లో కనపడాలని" అనిందీమె. మరి కొత్త వస్తువుకి బొట్టు పెట్టకుండా తిప్పుతారా? తిప్పరు. ఘడియ బాలేదని స్టార్టు చెయ్యటం తెల్లారికి పెట్టుకొని, సాయంత్రమే పసుపూ గంధం కలిపి దట్టంగా మెత్తింది. ఎక్కడ? సరిగ్గా తాళం దూరే బెజ్జంలో! ఆ చెయ్యి ఎలాంటిదనుకున్నారు, ఆమె గడపకి ఒకసారి పసుపు రాస్తే తుఫానుకి గడప కొట్టుకుపోయినా పసుపు ఉండేదంట.

తెల్లారేసరికి అది సిమెంటైపోయింది. పట్టుచీర కట్టుకొని, గాజుల పళ్ళెం ఒళ్ళో పెట్టుకొని ముందుసీట్లో కూచుందామె. సింగరకొండ తాళం పెడతాడు, దూరదు. సూదితో గీకుతాడు, సూది వంగింది. ఎండ చూస్తే ఎక్కుతంది. "నా చేత్తో నేనే మూసుకున్నానయ్యా" అని కళ్ళనీళ్ళు పెట్టుకుందంట. అది చూసి బాలకోటి, నిన్న మూతి ముడిచినోడు, కత్తెర కింద పారేసి ఉరికొచ్చాడు. "డీజిలు బండి కదిలితే చాలు వదినా, తాళమెందుకు? తొయ్యండ్రా!" అన్నాడు. ఇంక చూసుకో, ఊరు ఊరంతా పంచెలూ చీరలూ ఎగ్గట్టి ఒక్క తోపు తోసింది. సింగరకొండ రెండో గేరులో క్లచ్చి వదిలితే ఇంజను దగ్గి అందుకుంది. లేచిన దుమ్ముకి పక్కూరోళ్ళు వానమబ్బనుకొని కల్లాల్లో మిరపకాయలు ఎత్తుకున్నారు! తోసినోళ్ళకి ఆగటం తెలీక జీపుకంటే ముందే రోడ్డెక్కారంట. "ఎక్కండి, అందరూ ఎక్కండి" అనిందామె. టాపుమీద ఎక్కారు, వెనకాల వేలాడారు. పట్టుచీర నలుగుద్దని ఆమె పక్కన మాత్రం ఒక్కరూ కూచోలా.

సీమంతమింటి ముందర ఇంజను ఆపలేదు, ఆపితే మళ్ళా తొయ్యాలి. ఆమె దిగి పరుగున పోయి పిల్ల చేతికి మొదటి గాజు తొడిగింది. "అత్తా, ఇంకా పీటలే వెయ్యలేదే!" అనిందంట ఆ పిల్ల నవ్వుతా.

ఇంటికొచ్చి కిరసనాయిలు పోసి బెజ్జం కడిగారు. మర్నాడు నాంచారమ్మ దర్శి పోయి ఇంటికో తాళం చేయించుకొచ్చి ఊరంతా పంచింది. "ఓసి పిచ్చిదానా, అందరికీ ఇచ్చాక కొత్త స్విచ్చి ఎందుకే?" అన్నాడు సింగరకొండ. "అప్పుడు అడక్కుండా తీసుకుపోయేవోళ్ళు, ఇప్పుడు నేనిస్తే తీసుకుపోతారు" అనిందంట.

అబద్ధమన్నోళ్ళు దర్శి సెంటరుకి పోండి. ఆ తాళాలన్నీ కోసీ కోసీ, మూరెడు ఆకురాయి అగ్గిపుల్లంత అరగదీసుకున్న మనిషి గొడుగు కింద కూచోనుంటాడు. పేరు మస్తాను.