కంపోజిటరు గారి ముందుగది

గది దొరికిందా అమ్మడూ? అడ్వాన్సు ఎంతన్నారు? అయ్యబాబోయ్! సరే, కూర్చో. నేను మొట్టమొదట అద్దెకు దిగిన గది సంగతి చెప్పానా నీకు? చెప్పినా మళ్లీ విను, ఇన్నాళ్లూ నా ఇంట్లో ఊరికే ఉన్నందుకు ఆ మాత్రం వినాలి. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. మీటలు నొక్కితే అక్షరాలు వాటంతటవే వరుసకట్టే కొత్త మిషను ఒక ప్రెస్సువాళ్లు కొని, నడపడానికి నన్ను పిలిపించారు. ట్రంకుపెట్టె మోసుకుంటూ తిరుగుతుంటే ఒక గుమ్మానికి 'ముందుగది అద్దెకు' అని అట్ట వేలాడుతోంది. తలుపు తీసినావిడ, అక్కయ్య అనేవాణ్ణిలే, పోయి ముప్ఫై ఏళ్లు దాటింది, "ఏం పని చేస్తావు నాయనా?" అంది. గొప్పగా చెప్పాను. వెనక కుర్చీలో కూర్చున్నాయన చేతిలో టీ గ్లాసు సగంలోనే ఆగిపోయింది. ఆయన, అంటే బావగారు, ఆ ప్రెస్సులోనే ఇరవై ఏళ్లుగా చేత్తో అక్షరాలు ఏరి కూర్చే కంపోజిటరట! మిషను వస్తోంది కనుక నెలాఖరుకు ఆరుగురిని తీసేస్తారట! జీతం ఆగితే ఇల్లెలా గడుస్తుందన్న బెంగతోనే ఆ గది అద్దెకు పెట్టారట! ఆ బెంగే పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడిందన్నమాట.

మెల్లిగా వెనక్కి తిరగబోయాను. "ఎక్కడికి? దించు. అద్దె సగమే ఇవ్వు, మిగతా సగానికి మా ఆయనకు ఆ మిషను నేర్పు" అంది అక్కయ్య. "మిషను ఒకటే అక్కయ్యా, మనిషి ఒకడు చాలు" అని నసిగాను. "నీకు జ్వరం వస్తే?" అంది. పెట్టె దించాను.

మిషను ఇంటికి తేలేం కదా, అట్టముక్క మీద మీటలన్నీ గీశాను. సాయంత్రాలు బావగారు దాని ముందు కూర్చుంటే, అక్కయ్య కూరగాయలు తరుగుతూ పాఠం చెప్పేది. ఏం పాఠమనుకున్నావు? "కొట్టండి: నూనె నిండుకుంది. కొట్టండి: మీ చెల్లెలు వచ్చి పది రోజులైంది, కదిలేలా లేదు." మామూలుగా అంటే పెద్ద గొడవయ్యేవన్నీ అలా అభ్యాసంలో కొట్టుకుపోయేవి! పాపం, ఆయన చెయ్యేమో పాత అక్షరాల పెట్టెకు అలవాటుపడింది. 'న' కోసం అట్ట దాటి ఎక్కడికో పోయేది. "అక్కడ మీట లేదండీ, నా మోకాలుంది" అనేది.

నెలాఖరు వచ్చింది. సాయంత్రం తీసేసేవాళ్ల జాబితా గోడకు అంటిస్తారు. పొద్దున్నే అక్కయ్య నా నుదుటి మీద చెయ్యివేసి "ఒళ్లు కాలిపోతోంది" అంది. కుండలో నీళ్లలా ఉందమ్మా నా ఒళ్లు! "అక్కయ్యా..." అన్నాను. "పడుకో" అంది. రెండు దుప్పట్లు కప్పింది. నవ్వకు, ఆ ఎండాకాలంలో మధ్యాహ్నానికి నిజంగానే జ్వరం వచ్చినంత పనైంది. అక్కడ ప్రెస్సులో, ఆ రోజే అందించాల్సిన పరీక్ష కాగితాలు మిషను మీద కూర్చేవాడు లేక ఉండిపోయాయి. యజమాని జుట్టు పీక్కుంటుంటే బావగారు లేచి "నేను చూడనా?" అన్నారట.

చీకటి పడకముందే వచ్చారు. గుమ్మంలోనే నిలబడి, చేతుల మసి చూసుకుంటూ, "ఐదుగురి పేర్లే ఉన్నాయి. నన్ను రేపటి నుంచి ఇతనికి తోడుగా మిషను దగ్గర కూర్చోమన్నారు" అన్నారు. నెలంతా మమ్మల్ని నవ్వించిన మనిషి, అక్కయ్య, చటుక్కున లేచింది. పెరట్లోకి వెళ్లి కుళాయి తిప్పింది. గిన్నెలు కడుగుతోందనుకున్నాం. గిన్నెల చప్పుడు లేదు. నీళ్ల చప్పుడే, ఎంతసేపటికీ. బావగారు వెళ్లబోతే నేనే చెయ్యి పట్టుకుని ఆపాను...

ఏం లేదమ్మా. ఆ లైటు వెయ్యి కాస్త.