గ్యారంటీ మీద బేరం

తిఫ్రాలో జ్యోతిర్మయి ఆటో ఎలక్ట్రికల్ షాపు ముందు, బానెట్టు ఎత్తిన పాత పికప్పు దగ్గర నిలబడి, తోర్వా నుంచి వచ్చిన చేపల వ్యాపారి శివాజీ ఆమెకు లెక్క చెబుతున్నాడు. బండి ముందు సీట్లో అతని తల్లి అసిరమ్మ, ఒళ్లో చేతిసంచీతో.

“…అలా కాదు జ్యోతిర్మయిగారూ, ముందు నా దగ్గర ఏటుందో అది చెప్పనివ్వండి. లెక్కంటే మొదట్నుంచీ ఉండాలి. పొద్దున్న ఇక్కడికి వచ్చేసరికి నా చేతిలో ఉన్నది ఇదీ. నలభై ఐదు ఆంపియర్ల పాత ఆల్టర్నేటరు, చాలినంత కరెంటు పుట్టించలేని ముసలిది. హెడ్‌లైట్లు రెండు, వెలిగేది ఒకటి. హారను నొక్కితే ఆగిపోయే వైపరు. వైపరు వేస్తే మూగబోయే హారను. వెనకాల చేపల కోసం పెట్టించిన ఫ్రిజ్ పెట్టె. అది ఆన్ చేస్తే మొత్తం బండే గుడ్డిది. ఆ పైన మా అమ్మ.”

“నన్నెందుకురా బండి సామానులో కలిపీస్తావు?”

“నువ్వు ఎక్కకుండా ఈ బండి ఏ రోజు కదిలిందే అమ్మా?”

“అచ్ఛా, మీ లెక్క అయిందా శివాజీగారూ? ఇప్పుడు నాది వినండి. తొంభై ఆంపియర్ల కొత్త ఆల్టర్నేటరు. దాన్నుంచి బ్యాటరీకి వేలెడు లావు వైరు. పాత సన్నవైరుకే ఇది తగిలిస్తే కాలిపోతుంది, అందుకని మొత్తం పీకేశాను. ఇంజనుకి కొత్త ఎర్త్. హెడ్‌లైట్లకి రిలేలు. ఫ్రిజ్ పెట్టెకి వేరే లైను, వేరే ఫ్యూజు. ఎక్కండి, సెల్ఫ్ కొట్టండి.”

“అప్పుడేనా?”

“పని అయిపోయింది కదా!”

“టీ తాగి కొడదాం.”

“ఇప్పటికి మూడు తాగారు.”

“మీరు తాగలేదు కదా.”

“నేనూ మూడు తాగాను. కొట్టండి.”

“కొట్రా శివా! ఆడపిల్ల పొద్దుట్నించీ బండి కింద దూరి పని చేసింది, తాళం తిప్పడానికి నీకేటి నొప్పి?”

“కొడుతున్నాను… ఆఁ!”

“ఓలమ్మో! ఒక్క తిప్పుకే లేచింది! ఇదివరకు నిద్దర లేపినట్టు లేపాలి కదరా దీన్ని!”

“లైట్లు వెయ్యండి శివాజీగారూ. రెండూ. ఆఁ, షాపు లోపలి గోడ చూడండి.”

“అరే బాప్ రే! మూలనున్న బల్లి కూడా కనిపిస్తోంది!”

“దాని తోక కూడా కనిపిస్తందిరా!”

“హారను!”

“ఇదిగో…”

“ఆపరా బాబూ, ఆపు! ఆ ఎదురుగా స్కూటరాయన దండం పెడతన్నాడు!”

“అన్నీ ఒకేసారి వెయ్యండి. ఫ్రిజ్ పెట్టె కూడా. వైపరు, వైపరు మర్చిపోయారు… అబ్బ!”

“ఏటయింది?”

“నా చెంప మీద ఏదో అంటుకుంది. చల్లగా.”

“చేప పొలుసండీ. అద్దం మీద ఉండిపోయుంటుంది. పండుగప్పది, మంచి రకం.”

“మంచి రకమైతే సరే, ఉంచుకుంటాను. ముందు ఈ మీటరు చూడండి. అన్నీ వేసినా పద్నాలుగు వోల్టులు, పైన పాయింట్ రెండు. ఒక్క లైటు కూడా వణకట్లేదు. బస్! ఇంక రెండేళ్లు గ్యారంటీ. ఈ షాపు వైపు చూడక్కర్లేదు మీరు.”

“రెండేళ్లా?”

“రెండేళ్లు.”

“మరీ రెండేళ్లెందుకండీ.”

“తక్కువంటారా?”

“ఎక్కువ. కొంచెం తగ్గించండి.”

“రేటు నిన్ననే మాట్లాడుకున్నాం కదా, మళ్లీనా?”

“రేటు కాదు. గ్యారంటీ.”

“ఏంటీ?”

“గ్యారంటీ తగ్గించండి. ఆరు నెలలు చెయ్యండి.”

“మా నాన్న రైల్వే షెడ్‌లో రిటైరై ఈ షాపు పెట్టినప్పటి నుంచీ ఇక్కడే ఉన్నాను. గ్యారంటీ ఎక్కువైందని బేరమాడిన గిరాకీని ఇప్పుడే చూస్తున్నాను.”

“మూడు నెలలు.”

“అరే, ఇంకా దిగుతున్నారే!”

“పోనీ, నెల. పక్కా మాట. నెలకోసారి వచ్చి చూపించుకుంటాను.”

“దేన్ని?”

“బండిని.”

“బండికి ఏమీ కాదంటున్నాను కదా.”

“అదే కదండీ నా బాధ!”

“ఒరే శివా, రైలు దిగిన చేపలబుట్ట దగ్గర పదిమందిని ఒక్క మాటతో కూకోబెట్టీస్తావు. ఇక్కడ నీ నోటికేటి అడ్డం పడిందిరా?”

“నువ్వు ఉండవే అమ్మా… ఆ రెంచి ఇలా ఇయ్యండి జ్యోతిర్మయిగారూ, నేను పట్టుకుంటాను.”

“రెంచి ఎందుకు మీకు? ఊరికే తిప్పుతున్నారు దాన్ని. సరే, రెంచి మాట వచ్చింది కాబట్టి ఒకటి అడుగుతాను. నిజం చెప్తారా?”

“అడగండి.”

“చలికాలం నుంచి ఈ బండి ఏడుసార్లు ఆగిపోయి నా దగ్గరికి వచ్చింది. మొదటిసారి నిజంగానే వైరు కాలింది. ఒప్పుకుంటాను. తర్వాత రెండుసార్లు బ్యాటరీ టెర్మినల్ ఊడింది. నట్టు మీద తాజా రెంచి గీతలు. రోడ్డు కుదుపులకి రెంచి గీతలు పడవు శివాజీగారూ.”

“ఇదిగోండి, మీ రెంచి.”

“చెప్పండి.”

“ఆ రెండూ నావే.”

“ఎక్కడ విప్పారు?”

“మీ సందు మలుపులో. అక్కడ్నుంచి తోసుకుంటూ వచ్చాను.”

“చెమటలు కక్కుకుంటూ వచ్చారు! మజ్జిగ ఇచ్చాను కూడా!”

“అందుకే రెండోసారీ విప్పాను.”

“ఓలమ్మ, ఓలమ్మ! నవ్వలేక సస్తన్నాను!”

“నువ్వు నవ్వకే అమ్మా. రెండు నేను ఒప్పుకున్నాను. కానీ హోలీ తర్వాత సీపత్ టౌన్‌షిప్పు గేటు ముందు బండి ఆగిపోయింది చూడండి, ఆ ఎర్త్ బోల్టు సంగతి మాత్రం నేను ఎరగను. దేవుడి మీద ఒట్టు. రొయ్యలన్నీ ఐసు కరిగి ఈత కొట్టాయి ఆ రోజు.”

“రొయ్యలకి సారీ.”

“రొయ్యలకి మీరెందుకు సారీ చెప్తారు?”

“పదిహేను రోజులు రాలేదు మీరు.”

“అంటే?”

“ఆ తర్వాత వచ్చినప్పుడు, మళ్లీ త్వరగా రావాలని, ఎర్త్ బోల్టు చేత్తో తిప్పి వదిలేశాను. రెంచి పెట్టలేదు. ఇన్నేళ్లలో నా చేతి పనిలో ఒకే ఒక్క తప్పు. అదీ కావాలని చేసిందే.”

“జ్యోతిర్మయిగారూ!”

“హారను మీద నుంచి చెయ్యి తియ్యండి. వీధంతా చూస్తోంది.”

“ఓలి, నువ్వూనా!”

“నువ్వూనా అంటే ఏంటి పెద్దమ్మా?”

“ఏటీ లేదమ్మా, నోరు జారింది. ఎండ ముదిరిపోతంది, ఇంటికి ఎల్దాం పదరా.”

“ఇంటికేటే ఇప్పుడు! వినండి జ్యోతిర్మయిగారూ. గ్యారంటీ రెండేళ్లూ ఉంచండి. నాలుగేళ్లు చెయ్యండి, నాకేటి! నేను బండి లేకుండా వస్తాను. షాపుకి కాదు, మీ ఇంటికి. మీ నాన్న సూర్యంగారి దగ్గరికి. మాట్లాడడానికి.”

“చేపల వాసన అని మీకు వచ్చిన సంబంధాలు వెనక్కిపోయాయట కదా.”

“గ్రీజు చేతులని మీకూ పోయాయట కదా.”

“అయితే రండి. కానీ మా నాన్న ఒప్పుకోరు.”

“ఎందుకు? మనవాళ్లమే. మా తాతా రైల్వేలో గ్యాంగ్‌మ్యానే.”

“అది కాదు. ఏడుసార్లు బండి ఆగిన మనిషంటే మా నాన్నకి ఎలా ఉంటుందో తెలుసా? ముప్పై ఏళ్లు ఇంజన్లు చూసిన మనిషి. బండి సరిగ్గా పెట్టుకోలేనివాడు పెళ్లాన్ని ఏం చూస్తాడంటారు. నిన్న కూడా అడిగారు, ఆ చేపల పికప్పు మళ్లీ వచ్చిందా అని.”

“ఎలా అడిగారు? కోపంగానా?”

“కోపంగా అనుకున్నాను. ఎండు నెత్తళ్లు నములుతూ అడిగారు. ఈమధ్య ఇంట్లో ఎప్పుడూ నెత్తళ్లే. ఎక్కడ కొంటున్నారంటే చెప్పరు.”

“నెత్తళ్లు తింటే కీళ్ల నొప్పులకి మంచిదమ్మా. సూర్యంబాబుకి మోకాలు పట్టేస్తంది కదా.”

“మా నాన్న మోకాలి సంగతి మీకెలా తెలుసు పెద్దమ్మా?”

“ఎవలో అన్నారు.”

“సరే, ఆ మోకాలి సంగతి తర్వాత. మన లెక్క తేల్చుకుని సూర్యంగారి ముందు పెడదాం. ఆగింది ఏడుసార్లు. నిజం జబ్బు ఒకటి. నావి రెండు. మీది ఒకటి. నాలుగయ్యాయి. మిగతా మూడు?”

“మూడుసార్లూ ఇగ్నిషన్ ఫ్యూజు మాయం. అవి మీవే కదా?”

“నావి కావు! మీవనుకున్నాను.”

“తోర్వాలో మీ గుమ్మం ముందున్న బండిలోంచి నేనెలా పీకుతాను? ఎలకలు పట్టుకెళ్లాయని మీరే కదా చెప్పారు!”

“అమ్మే అంది ఎలకలని.”

“ఎలకలు ఫ్యూజు పీకి, ఫ్యూజుల పెట్టె మూత మళ్లీ నొక్కి వెళ్తాయా?”

“అమ్మా.”

“ఏటిరా?”

“నాకేసి చూడు. ఆ సంచీలో ఏటుంది?”

“తమలపాకుల డబ్బా. ఏటుంటాది?”

“తియ్యి.”

“ఊరికే ఉండరా. లెక్క సెప్తానన్నావు కదా, అది సెప్పు ముందు.”

“చెప్తాను. పొద్దున్న చేతిలో ఉన్నది చెప్పాను, ఇప్పుడున్నది చెప్తాను. కొత్త ఆల్టర్నేటరు ఒకటి. వెలిగే కళ్లు రెండు. నోరున్న హారను. చెంపలు గురిచూసి కొట్టే వైపరు. కరగని ఐసు. ఆ పైన జ్యోతిర్మయి, సూర్యంగారు సరే అంటే.”

“అనరు. మూడు ఫ్యూజులు తేలకుండా అస్సలు అనరు. షెడ్‌లో ఒక్క నట్టు లెక్క తేలకపోతే ఇంజను గేటు దాటనిచ్చేవారు కాదట.”

“అయితే పట్టుకో తల్లీ. ఇవిగో మూడూ, సున్నం అంటుకున్నాది గానీ పాడవలేదు. సదువు లేని ముండని, అన్ని ఫ్యూజుల్లో ఏది పీకితే బండి లెగదో నాకేటి తెలుస్తాది? మీ నాన్నే మా ఇంటికొచ్చి, బానెట్టెత్తి, వేలెట్టి మరీ సూపించినాడు. రాసుకోరా శివా, లాభంలో మావగారు కూడా!”