గంగులమ్మకి వచ్చిన ఖాళీ క్యాసెట్టు

కూర్చో సెలీనా, ఆ ఏసీ కింద కాదమ్మా, ఇటు రా, ఆ గాలి తగిలితే నాకు దగ్గు మొదలయిద్ది. ఏందీ? మీ తాత ఇస్రాయేలు సంగతా? ఆయనా నేనూ ఒకే కంపెనీ క్యాంపులో ఉన్నామని ఎవరు చెప్పారు, మీ అమ్మ మణికుమారి చెప్పిందా? అదీ సంగతి, శుక్రవారం ఆరాధన అయిపోయాక బిర్యానీ తిని పోకుండా ఈ ముసలోడి రూముకెందుకొచ్చావా అనుకున్నా. ఆ ఫోన్లో ఏంది టకటకా? నేను చెప్పేది కొడతన్నావా? ఎవరికి, మీ ఇంటోళ్ళ గ్రూపుకా? మీ నానమ్మ గంగులమ్మకి చదివి వినిపిస్తారా? ఊఁ... ఒక మనిషి మాట్లాడతంటే ఇంకో మనిషి రాసుకోవడం చూస్తే నాకు ఇప్పటికీ పడదు. సరే, కొట్టు. నెలాఖరుకి నా వీసా కాన్సిలు, ఈ సూరు ఊరు వదిలి మన దేశం పోతన్నా, ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు చెబుతా. కానీ నేను పంపమన్నదాకా పంపబాక.

అది ఈ దేశం కాదులే. ఇక్కడికి నేనొచ్చింది ఎనభై ఆరులో. అంతకుముందు ఇంకో దేశం. పేరా? ఎత్తను. ముప్పై ఏళ్ళు దాటింది, ఆ ఏలినోడు మట్టిగొట్టుకుపోయాడు, అయినా ఎత్తను. నవ్వబాక! ఆ ఏలినోడి నిఘావాళ్ళకి యూనిఫాం ఉండదమ్మా, బోర్డు ఉండదు, తెల్ల కారొకటి ఉంటది, అంతే. ముందు ఆఫీసుకొక మనిషిని పెట్టారంట, తర్వాత వీధికొకణ్ణి, ఆ తర్వాత ఇంటికొకణ్ణి. ఎవడన్నా టైపు మిషను కొనుక్కుంటే దాని అక్షరాలు ఎట్టా పడతయ్యో ఒక కాయితం కొట్టి వాళ్ళకియ్యాలి. ఎవడబ్బ సొమ్మని? సొంత జనాన్ని కాల్చుకు తిన్నది చాల్లేదు, కూలికొచ్చిన మన మీద పడ్డారు. మన దగ్గరేముంది, క్యాసెట్లున్నయ్. నీకు తెలవదులే, అప్పట్లో ఫోనెక్కడిది? ఉత్తరం రాయడం రానోళ్ళు టేప్ రికార్డరు ముందు కూర్చుని ఏడుపూ నవ్వూ అన్నీ దాంట్లో పోసి, ఊరెళ్ళేవాడి పెట్టెలో పెట్టి పంపేవాళ్ళు. ఆ పెట్టెల్ని ముందురోజే కంపెనీ ఆఫీసులో పెట్టించి క్యాసెట్లు లాగేవాళ్ళు వీళ్ళు. లాగితే సరా, తెలుగెవడికొచ్చు?

నాకొచ్చు. ఆ, విన్నది నేనే. అట్టా చూడబాక. ఎలక్ట్రీషియన్ని, కాస్త అరబ్బీ, కాస్త ఇంగ్లీషు తెలుసని పిలిపించారు. ఒక సారు, సెంటు వాసన, ఎంత మర్యాదో! నా టీలో చక్కెర ఆయనే కలిపాడు. నా పాస్‌పోర్టు బల్ల మీద పెట్టి, 'మిస్టర్ మనోహరం, యూ లిజన్, యూ రైట్. ఎవ్రీథింగ్. నీ తర్వాత ఇంకో తెలుగోడు ఇదే క్యాసెట్టు వింటాడు. నువ్వు ఏం వదిలినా నాకు తెలిసిపోద్ది' అన్నాడు. ఎవడా రెండోవాడు? క్యాంపులో నూట యాభై మంది తెలుగోళ్ళం. లచ్చన్న నవ్వితే లచ్చన్నే అనుకునేవాణ్ణి, గంగాధరం నవ్వకపోతే గంగాధరం అనుకునేవాణ్ణి. వినాలి, రాయాలి, చెరపాలి, అదీ డ్యూటీ. రికార్డు బటన్ నొక్కి ఆ గదిలో చప్పుడు చేయకుండా కూర్చుంటే పాత మాటలన్నీ పోతయ్. ఊపిరి కూడా మెల్లగా తీయాలి. ఆ ఖాళీ క్యాసెట్టే మళ్ళీ పెట్టెలో పెట్టేసేవాళ్ళు. ఇంటికాడ ఆడోళ్ళు అది వేసుకుని, మా ఆయన ఒక్క మాటన్నా పంపలేదేందని కుళ్ళి కుళ్ళి ఏడవాలి. దొంగ సచ్చినోళ్ళు, మొగుడూ పెళ్ళాల మాటలు కూడా దోచుకుంటారంటే!

మీ తాత మా క్యాంపు వంటోడు. నాకు మాడు ఇష్టమని గిన్నె అడుగు గీకి దాచి పెట్టేవాడు. ఒకరోజు క్యాసెట్టు వేస్తే ఆయన గొంతు. 'గంగులూ, బాగున్నావా? మన పిల్లోడు స్యాం బడికి పోతన్నాడా? ఇక్కడ వంటగదిలో కూడా ఈ దేశాన్నేలే పెద్దాయన బొమ్మ తగిలించారే. నేను పోపేస్తే చిట్లి ఆయన మీసాల మీద పడతంది. రోజూ గుడ్డ పెట్టి తుడవాల్సొస్తంది. మా అయ్య మూతి కూడా నేనెప్పుడూ తుడవలేదు గంగులూ! క్రిస్మస్‌కి వస్తా, పిల్లోడికి ఎర్ర బూట్లు కొన్నా' అని ఒకటే నవ్వు. మీసాల ముక్క వదిలేద్దామనుకున్నా. ఒట్టు. కలం పైకెత్తా కూడా. రెండోవాడు రాస్తాడుగా మరి! రాశా. సారు కూడా మనిషేగా, నవ్వుతాడులే అనుకున్నా. నవ్వలా. చెరిపేటప్పుడు ఆపుకోలేక రెండుసార్లు దగ్గా. మూడో రోజు మీ తాత చపాతీ పిండి కలుపుతుంటే తెల్ల కారొచ్చింది. 'చేతులు కడుక్కుని వస్తా సార్' అన్నాడు. కడుక్కోనీలా. అంతే. శవం లేదు, కబురు లేదు. కంపెనీ ఏం రాసిందో తెలుసా? 'ఉద్యోగం వదిలి పారిపోయెను' అంట! పిండి చేతుల్తో ఎవడన్నా పారిపోతాడా? మీ ఊరోళ్ళు తక్కువ తిన్నారా? అక్కడే ఇంకోదాన్ని కట్టుకున్నాడని మీ నానమ్మ మొహం మీదే అన్నారంట, సంఘంలో ఆయన కోసం ప్రార్థన చేయడం మానేశారంట. నోళ్ళు పడిపోనూ! నాలుగేళ్ళకి నా పాస్‌పోర్టు చేతికిస్తా ఆ సారు ఏమన్నాడనుకున్నావ్? 'నో సెకండ్ మ్యాన్, మిస్టర్ మనోహరం. ఎప్పుడూ లేడు. నువ్వొక్కడివే సరిపోయావు' అన్నాడు. అప్పుడు నవ్వాడమ్మా, అప్పుడు! లేనివాడికి భయపడి ఉన్నవాణ్ణి రాసిచ్చా. ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదంటావా? అడుగు, గట్టిగా అడుగు. నాకేం మొహముందని చెప్పను?

ఏందీ? ఆ క్యాసెట్టు ఇంకా ఉందా? ప్రతి క్రిస్మస్‌కీ వేసుకుంటదా? ఖాళీదాన్ని ఏం వింటదే... దగ్గు వింటదా? 'మాట పెగలక మా ఆయన రెండుసార్లు దగ్గాడు' అంటదా? ఇన్నేళ్ళ నుంచీ.

నీళ్ళొద్దులే. కూర్చో. ఇంకా పంపలేదుగా? మీసాలుంచు. ఎర్ర బూట్లుంచు. నేను రాశానన్నది ఉంచు, నా పేరు పెట్టే పంపు, తిట్టుకోనీ నన్ను. చెరిపేటప్పుడు దగ్గానన్నానే, ఆ ఒక్క ముక్క చెరిపెయ్ తల్లీ. ఆ దగ్గు మీ తాతదే. చెరిపేశావా? ఏదీ, ఆ కళ్ళజోడు ఇటివ్వు. చూడనీ.