స్నానాల గది గుమ్మం ముందు టైలు

ఎస్సై గారూ, నా పేరు, మా నాన్న పేరు మీరు పైన రాసుకున్నారు. వయసు ఇరవై ఆరేళ్లు. కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు కోసే పని చేస్తాను. పెళ్లయి అత్తవారింటికి వచ్చి నెల దాటింది. ఇప్పుడు కుడి కాలు, కుడి చెయ్యి విరిగి ఆస్పత్రి మంచం మీద ఉన్నాను. తెలివిలోనే ఉండి చెబుతున్నాను.

మేం ఉండేది పై అంతస్తు. నేల కింద చెక్క బల్లలు, వాటి మీద టైల్స్. స్నానాల గది గుమ్మం ముందున్న టైలును ఇంట్లో అందరూ దాటి నడుస్తారు. మోకాళ్ల నొప్పులని మూలిగే మా అత్తగారు కూడా అక్కడ గోడ పట్టుకుని పెద్ద అంగ వేస్తారు. "ఎందుకత్తయ్యా అంత అంగ?" అని అడిగాను. "ఏదోలేమ్మా, అలవాటైపోయింది" అన్నారు. ఒక్కో ఇంటికి ఒక్కో పిచ్చి అని నవ్వుకున్నాను.

నాకా అలవాటు లేదు. నేను తొక్కినప్పుడల్లా ఆ టైలు టక్కుమనేది. చుట్టూ పూసిన తెల్ల సిమెంటు పొడిగా రాలేది. రోజూ ఊడ్చేది నేనే. మా ఆయనకు చెబితే "కొత్త ఇల్లు కదా, అన్నీ నీకు వింతగానే ఉంటాయి" అన్నారు.

సోమవారం ఉదయం ఇద్దరు మనుషులు వాషింగ్ మెషీన్ మోసుకొచ్చారు. నేను వంటింట్లో ఉన్నాను. "బాబూ, ఆ గుమ్మం ముందు కాలు పెట్టకండి, పక్కనుంచి రండి" అని మా ఆయన అనడం నా చెవులతో విన్నాను. గీతలు పడతాయని కాబోలు అనుకున్నాను.

మధ్యాహ్నం తడిబట్టల బకెట్టుతో బయటికి వస్తూ ఆ టైలు మీద కాలు వేశాను. బల్ల విరిగిన చప్పుడు కూడా రాలేదు. నానిన అట్టలా జారిపోయింది. తొడ దాకా దిగబడ్డాను. చెయ్యి ఒంటి కింద పడి విరిగింది.

టైల్స్ మేస్త్రీని మీరు పట్టుకెళ్లారని నిన్న మా ఆడపడుచు ఏడుస్తూ చెప్పింది. "పాపం, అతను పెళ్లికి ముందే తట్టి చూసి చెప్పాడొదినా. కింద గొట్టం కారుతోంది, బల్లలు కుళ్లాయి, అంతా తీసి కొత్తవి వేయాలన్నాడు. పెళ్లి పెట్టుకుని ఇల్లు తవ్వుకుంటామా అని అన్నయ్యే పైపైన సందులు పూడ్పించాడు. ఎవరూ తొక్కకుండా మేస్త్రీ అడ్డంగా కుర్చీ పెట్టి వెళ్తే, కొత్త కోడలి కంట పడితే బాగుండదని అమ్మ తీసేసింది."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మా గురించి ఏమనుకుంటావో అని."

మెషీన్ మోసేవాళ్లకు చెప్పారు. నాకు చెప్పలేదు. వాళ్లు మళ్లీ రారు కనుక వాళ్ల దగ్గర సిగ్గు లేదు. నా దగ్గర సిగ్గొచ్చింది. నాకు ఒళ్లు మండిపోతోంది. ఈ మాట రాయక్కర్లేదు. కాదు, రాయండి.

మేస్త్రీ తప్పు లేదు. అతన్ని వదిలేయండి. అతని పేరే చెప్పమని పొద్దున మా ఆయన నా తల నిమురుతూ అడిగారు.

మీరు చదివి వినిపించినది నేను చెప్పినట్టే ఉంది. ఎవరి బలవంతమూ లేదు. కుడి చేతికి కట్టు ఉన్నందున ఎడమ బొటనవేలి ముద్ర వేస్తున్నాను. మా ఆయన మందులు తేవడానికి కిందికి వెళ్లారు. ఆయన వచ్చేలోపే ముద్ర తీసుకోమని నేనే అడిగాను.

(ఎడమ బొటనవేలి ముద్ర)