చేపల బజారులో అలక

"మానిపించీడానికే వొచ్చినాను మేడమ్. దాపరికం ఎందుకు?"

కలకత్తా కార్పొరేషన్‌లో ముప్పయ్యేళ్లు చెత్తబండి నడిపి రిటైరైన పెద్దిరాజు, కుర్చీ చూపించినా కూర్చోలేదు. మనవరాలు రాణికి కూచిపూడి నేర్పే జ్ఞానప్రసూన, బ్యాంకు ఆఫీసరు గారి భార్య, గజ్జెలు పక్కన పెట్టి లేచి నిలబడింది.

"ఇప్పుడా? పదిహేను రోజుల్లో ప్రోగ్రామ్ పెట్టుకుని?"

"గుంట ఇంటికాడ అడుగే వెయ్యట్నేదు. ఏటే అంటే మీ పేరు సెప్తాది. డాన్సంటే కాళ్లొక్కటే కాదు, బొమ్మలు సూడాలి, పాటలినాలి, మనుసుల మొకాలు సూడాలి అన్నారంట."

"అన్నాను. నాట్యం నేర్చుకునేవాళ్లకి చుట్టూ ఉన్నదంతా చదువేనండీ."

"ఆ సదువే నా కొంప ముంచీసింది. ఆదోరం అమ్మోరి బొమ్మలు సేసే కుమార్తులి పేటకి ఎల్లినాం. దుర్గమ్మోరికి మట్టి అద్దుతుంటే రెండు గంటలు నిలబడిపోనాది. నా మోకాళ్లు..."

"మీరూ వెళ్లారా?"

"ఆడపిల్లని ఒంటిగా ఎలా పంపుతాను? అయినా మట్టిలో ఏటీ నేదు మేడమ్. సంగతంతా నడుంలో ఉంది. నడుం కుదరకపోతే మొకం ఎంత బాగున్నా అమ్మోరు నిలబడదంట. ఆ బొమ్మలు సేసే దాదా సెప్పినాడు."

"నిజమే."

"మీరు మా గుంటకి నడుం సంగతి ఎప్పుడూ ఎత్తనేదు."

"అది... తర్వాత ఏమైందో చెప్పండి."

"బుధవారం ఖిదిర్‌పూర్ సేపల బజారు. అక్కడ సేపలమ్మే మాలతీ దీదీ మొగుడి మీద అలిగింది. మాట నేదు, సూపు నేదు. తలొంచుకుని సేపలు కోస్తంది. ఆడు టీ తెచ్చి పక్కన ఎట్టినాడు. సూడనట్టే గ్లాసు ఇటు జరుపుకున్నాది. అంతే, అలక తీరిపోనాది. మేం అలాగే సూస్తా ఉండిపోనాం."

"మేమా?"

"గుంట. గుంట ఉండిపోనాది."

"ఊఁ."

"మొన్న స్టేజీ మీద మీరూ అలిగినారు గదా. తప్పుగా అనుకోకండి. మూడుసార్లు మెడ ఇసిరినారు."

"అలిగిన నాయిక అలాగే చెయ్యాలండీ, శాస్త్రంలో..."

"నిజంగా అలిగిన మనిసి మెడ ఇసరదు మేడమ్."

జ్ఞానప్రసూన మెడ తడుముకుంది. మాన్పించడానికి వచ్చిన పెద్దిరాజు, ఇప్పుడు ఆవిడే పిల్లని వద్దనేస్తుందేమోనని భయపడ్డాడు. నోరు జారిందనీ, చదువురానివాడి మాట పట్టించుకోవద్దనీ బతిమాలుకున్నాడు.

"రాణి ఏమంటోంది?"

"టీ గ్లాసు జరపడం అద్దం ముందు నలభైసార్లు సేసింది. అడుగులు మరిసిపోతందని నా బాధ. మీరే ఓసారి మాతో రండి మేడమ్. మీరు పక్కనుంటే ఏది సూడాలో, ఏది ఒగ్గీయాలో సెప్తారు. అయన్నీ మీరెన్నిసార్లు సూసుంటారో."

"నేనా?"

"మీరే గదా సూడమన్నారు."

"పెద్దిరాజు గారూ, కలకత్తా వచ్చి నాలుగేళ్లయింది. నేను చేపల బజారూ ఎరగను, కుమార్తులీ ఎరగను. ఆ మాటలన్నీ పుస్తకంలో చదివి చెప్పాను."

"అయ్యో..."

"రేపు ఎన్నింటికి రమ్మంటారు, మాస్టారూ?"